తనంతట తానే నడిచిన మోటారు

మెరుపును చేసినవాడూ, భూమి కింది నీళ్లకు హద్దులు పెట్టినవాడూ అయిన దేవునికి ముందుగా స్తోత్రం. ఇన్నేళ్లు కరెంటు తీగల మధ్య తిరిగిన నా చేతులు ఈ రోజు కలం పట్టుకొని కదులుతున్నాయంటే అది నా తెలివి వల్ల కాదు, ఆయన కనికరం వల్ల. ఆ మాట ముందు ఒప్పుకోకుండా ఈ సంగతి రాస్తే రాసినదంతా వట్టిదవుతుంది.

ఇది మూడేళ్ల కింద పెత్రమాస నాడు జరిగింది. బతుకమ్మ పండుగ మొదలయ్యే అమావాస్యను మా వైపు పెత్రమాస అంటారు. ఆ రోజు హిందువుల ఇండ్లలో చనిపోయిన పెద్దల పేరున బియ్యం ఇస్తారు. నాకు పరకాలలో మోటారు వైండింగ్ షాపు ఉంది. కాలిపోయిన మోటారును విప్పి, మాడిన రాగి తీగ తీసేసి, కొత్త తీగ చుట్టడమే వైండింగ్. చుట్టుపక్కల ఊళ్ల రైతులు మోటార్లను ఆటోల్లో వేసుకొని వస్తారు. రాలేని చోటికి నేనే బండి మీద పోతాను. నా పూర్తి పేరు ప్రభుదాసు. మా చర్చి సంఘంలో పెద్దను. ఊళ్లల్లో అందరూ ప్రభన్న అంటారు. ఇందులో వచ్చే మిగతా వాళ్ల పేర్లు మార్చాను.

ఇప్పటి పిల్లలకు తెలియదు కానీ, ఒకప్పుడు మోటారు పెట్టడానికి పోవడమంటే ప్రాణం పణంగా పెట్టడమే. త్రీ ఫేజ్ కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు రైతు లేచి పొలానికి పోవాలి. చీకట్లో ఒడ్డు మీద పాము కరిచినవాళ్లున్నారు. తెగిపడ్డ తీగ మీద కాలు వేసినవాళ్లున్నారు. తడి చేతులతో స్టార్టర్ డబ్బా తెరిచి అక్కడే కూలిపోయినవాళ్లున్నారు. వాళ్ల ఇండ్లకు నేను ప్రార్థన చేయడానికీ పోయాను, మోటారు విప్పడానికీ పోయాను.

అలాంటి రోజుల్లో మొబైల్ స్టార్టర్ వచ్చింది. టిఫిన్ డబ్బా అంత పెట్టె. అందులో మన ఫోనులో వేసే సిమ్మే ఒకటి ఉంటుంది. దాన్ని పొలం దగ్గర స్టార్టరుకు కలిపి బిగిస్తాం. రైతు ఇంట్లో కూర్చొని ఆ సిమ్ము నంబరుకు ఫోను చేస్తే, పెట్టె రెండు రింగులు విని ఫోను కట్ చేసి మోటారును నడిపిస్తుంది. మళ్లీ చేస్తే ఆపుతుంది. మొదటిసారి ఆ పెట్టె బిగించిన రోజు ఒక ముసలి రైతు తన మంచం మీద కూర్చొనే మోటారు నడిపి, అవతల పొలంలో నీళ్లు పడుతున్న చప్పుడు విని, చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఆ నవ్వు చూసి నేను దేవునికి కృతజ్ఞతలు చెప్పుకున్నాను. ఈ పెట్టెల వల్ల ఎందరు బతికారో లెక్క ఆయనకే తెలుసు. ఆ మాట ఈ రోజుకూ వెనక్కి తీసుకోను.

పెత్రమాస పొద్దున షాపు ముందు ఒక మోటారు విప్పుతుంటే సమ్మయ్య వచ్చాడు. పరకాలకు దగ్గరలోని ఊరు అతనిది. ముప్పై ఐదేళ్లుంటాయి. రెండెకరాల వరి, పాత వ్యవసాయ బావి, అందులో నీళ్లలో మునిగి ఉండే మోటారు. మొబైల్ స్టార్టరు మాత్రం నా దగ్గర తీసుకున్నది కాదు. ఫోనులో బొమ్మ చూసి తెప్పించుకొని, తెలిసినవాళ్లతో బిగించుకున్నాడు. నుదుట బొట్టు, చేతిలో ఖాళీ సంచి. తల్లి పేరున బియ్యం ఇచ్చి నేరుగా వస్తున్నానని చెప్పాడు.

“ప్రభన్నా, మోటర్ తిరుగుతాంది గని నీళ్లు పోస్తలేదు. పొట్టకచ్చిన పొలం. జర ఇయ్యాల రావాలె.”

“వస్త. మోటర్ నీళ్లు పీల్చే జాలికి నాచు పట్టి ఉంటది. ఇంకేమన్న చప్పుడు చేస్తాందా?”

అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “ఇంకొకటి ఉన్నది. నవ్వద్దు మల్ల. మోటర్ దానంతట అదే నడుస్తాందన్నా.”

“దానంతట అదే అంటే?”

“నేను ఫోన్ చెయ్యలే, ఏం చెయ్యలే. పగటీలి బువ్వ తిననీకి కూసుంటం, గడగడమని మొదలైతది. ఒకపారి నడిచి ఆగుతది, ఒకపారి నేను పోయి ఆపేదాక నడుస్తది. అవ్వ పోయినకాన్నుంచి గిట్లనే.”

పక్కనే చాయ్ హోటలు నడిపే మల్లేశం ఇవన్నీ వింటున్నాడు. అతనికి ఎవరినీ ఊరికే పోనివ్వడం చేతకాదు. “మీ అవ్వ బతికున్నన్నొద్దులు పొలం ఇడిసి ఇంటికి రాలేదు. సచ్చినంక ఊకుంటదా? నువ్వు నీళ్లు సరిగ్గ పెడ్తలేవని ఆమెనే పెట్టుకుంటాంది.”

“నువ్వూకో మల్లేశన్నా. నీకు నవ్వులాటగున్నది. మా రజిత పగటిపూట పొలం దిక్కు పోతలేదు.”

నేను నవ్వలేదు. అపవిత్రాత్మలు లేవని నేను ఎన్నడూ అనలేదు, వాక్యం చదివినవాడెవడూ అనడు. కానీ స్టార్టరు పెట్టె తెరవకుండా ఆత్మను అనుమానించకూడదన్నది కూడా నా వృత్తి నేర్పింది. “ఆ పెట్టెల ఎవరి సిమ్ము ఏసినవు?” అని అడిగాను.

“అవ్వదే. ఆమె పోయినంక ఊకెనే ఉండె. కొత్తది తీసుకోవాలంటే ఏలిముద్రలు, తిరుగుడు. నేనే రీఛార్జి చేపిస్తాన. అవ్వ పేరు మీదనే పొలం పారనీ అనుకున్న.”

“చూడు తమ్మీ. నీ పెట్టె చౌక రకం. మంచి రకమైతే యజమాని నంబరుకే పలుకుతది. నీది ఎవరు రింగు ఇచ్చినా నడుస్తది. లోను ఇస్తమని చేసేటోళ్ల ఫోను వచ్చినా నడుస్తది. ఆ నంబరుకు ఎవరన్న ఫోన్ చేస్తరా?”

సమ్మయ్య నన్ను అమాయకుణ్ణి చూసినట్టు చూశాడు. “సచ్చినోళ్లకు ఎవలు ఫోన్ చేస్తరన్నా?”

ఆ మాటకు మల్లేశం కూడా తన చాయ్ పొయ్యి దగ్గరికి వెళ్లిపోయాడు.

ఒక మోటారు అప్పటికే బల్ల మీద విప్పి ఉంది. అది పూర్తి చేసి మధ్యాహ్నానికి వస్తానన్నాను. “నేను వచ్చేదాక బావిల దిగకు. ఇంటికి పోంగనే స్టార్టర్ కాడి మూడు ఫ్యూజులు పీకి జేబుల ఏసుకో” అని చెప్పాను. ఫ్యూజు అంటే కరెంటు దాటవలసిన చిన్న వంతెన లాంటిది. అది పీకి జేబులో వేసుకుంటే, ఇక ఎవరు మీట నొక్కినా, ఎవరు ఫోను చేసినా మోటారుకు కరెంటు అందదు. బావిలో దిగే ప్రతి మెకానిక్కుకూ ఇది మొదటి పాఠం. సమ్మయ్య తల ఊపి వెళ్లాడు.

మధ్యాహ్నం నేను పోయేసరికి పొలాలన్నీ నిర్మానుష్యంగా ఉన్నాయి. పండుగ పూట కూలీలెవరూ లేరు. బావి గట్టు మీద సమ్మయ్య భార్య రజిత ఒక్కతే నిలబడి ఉంది. ఆమె చేతిలో తాడు. తాడు రెండో కొస బావిలోకి దిగి ఉంది.

బండి స్టాండు కూడా వేయలేదు. ఒడ్డు మీద పడేసి పరుగెత్తాను. ఆ బావికి లోపలి వైపు రాతి కట్టు, దిగడానికి పొడుచుకొచ్చిన రాళ్లు. వానాకాలం కాబట్టి నీళ్లు పైకే ఉన్నాయి. సమ్మయ్య ఒక రాయి మీద నిలబడి నడుము దాకా నీళ్లలో ఉన్నాడు. మోటారు వేలాడుతున్న గొలుసును ఒక చేత్తో పట్టుకొని, రెండో చేత్తో దాని జాలికి చుట్టుకున్న నాచు పీకుతున్నాడు. తాడు అతని నడుముకు కట్టి ఉంది.

“సమ్మయ్యా, ఫ్యూజులు తీసినవా?”

అతను తలెత్తి చేయి అడ్డం పెట్టుకొని నన్ను చూశాడు. “అచ్చినవా? అయిపాయెనన్నా, ఇంత నాచు. నీకు పనే లేదు పో.”

“ఫ్యూజులు తీసినవా లేదా?”

“ఫోన్ గట్టు మీన్నే ఉన్నది, రజిత కాడ. మేం చెయ్యకుంటే ఎవలు చేస్తరు?”

“నువ్వే గదనే పొద్దుగాల దానంతట అదే నడుస్తాందని చెప్పినవు? ముందుగాల పైకి రా.”

అప్పుడతను చెప్పిన మాట నేను చచ్చేదాకా మరవను. కోపంగా అనలేదు, భయంగానూ అనలేదు. చాలా మామూలుగా అన్నాడు.

“నడిపించేది మా అవ్వ అయితే, అవ్వ నన్ను సంపుతదా అన్నా? పొద్దుగాలనే ఆమె పేర్న బియ్యం ఇచ్చచ్చిన.”

ఎందరో మనుషులు నిర్లక్ష్యం వల్ల, తొందర వల్ల, తాగి చేసిన తప్పుల వల్ల కరెంటుకు బలి కావడం చూశాను. తల్లి మీది నమ్మకంతో ఫ్యూజు తీయకుండా బావిలో దిగిన మనిషిని అంతకుముందు చూడలేదు. అతనితో వాదించే సమయం లేదని తోచింది. స్టార్టరు వైపు పరుగెత్తాను. అది బావికి పదిహేనడుగుల దూరంలో, రెండు కర్రలకు కొట్టిన రేకు పెట్టెలో ఉంది. పెట్టె ముందు ఆకులో కొంచెం అన్నం, ఆరిపోయిన అగరుబత్తులు ఉన్నాయి. రేకు తలుపు తీశాను. మూడు ఫ్యూజులూ వాటి చోట్లలోనే ఉన్నాయి. కరెంటు ఉన్నట్టు దీపాలు వెలుగుతున్నాయి. పక్కనే ఆ మొబైల్ స్టార్టరు. దాని మీద ఒక చిన్న పచ్చదీపం ఉంటుంది. ఫోను వచ్చినప్పుడు అది టపటప కొట్టుకుంటుంది.

అది కొట్టుకుంటోంది.

ఆ క్షణాన నా నోటి నుంచి వచ్చింది ప్రార్థన కూడా కాదు, “ప్రభువా” అన్న ఒక్క పిలుపు. మెడలోని పొడి తువ్వాలు చేతికి చుట్టుకొని మొదటి ఫ్యూజు పీకాను. అది చేతికి వచ్చిన మరుక్షణం లోపల స్టార్టరు ‘టక్’మని అతుక్కుంది. మూడింటిలో రెండు తీగల్లో కరెంటు ఇంకా పారుతోంది. బావిలోంచి మోటారు మూలుగు వినిపించింది. ఆ మూలుగు వెంట మనిషి గొంతు. అది అరుపు కాదు. ఊపిరి మధ్యలో తెగినట్టు ఒక చప్పుడు, అంతే.

రెండో ఫ్యూజు బిగుసుకుపోయి ఉంది. గట్టిగా లాగాను, రాలేదు. వెనక రజిత “అయ్యో అన్నా, మునిగిపోయిండు” అంటూ బావిలోకి కాలు పెట్టబోతోంది. “దిగకు చెల్లె, నీళ్లు ముట్టకు, తాడు ఇడిసిపెట్టు” అని అరిచాను. కరెంటు పారే నీళ్లలోకి కాపాడబోయి దిగిన రెండో మనిషి, ఆ మనిషి కోసం దిగిన మూడో మనిషి పోయిన ఇండ్లు నాకు తెలుసు. తడిసిన తాడు కూడా అప్పుడు తీగే. పాపం ఆమె, భర్త నీళ్లలో ఉండగా తాడు విడిచిపెట్టమంటే ఏమనుకుందో. నా మొహం చూసి విడిచిపెట్టింది.

రెండు చేతులతో పట్టి లాగితే ఫ్యూజు ఊడి, నేను వెనక్కి పడ్డాను. మూలుగు ఆగిపోయింది. మూడోది కూడా పీకి మూడింటినీ జేబులో వేసుకొని, జారిపోతున్న తాడు కొసను అందుకున్నాను. ఇద్దరం కలిసి లాగాం. మనిషి బరువుగా వచ్చాడు, ఏ కదలికా లేకుండా. గట్టు మీద వెల్లకిలా వేశాను. కళ్లు సగం తెరిచి ఉన్నాయి. ఊపిరి ఆడడం లేదు. ఛాతీ మీద రెండు అరచేతులు పెట్టి నొక్కుతూనే ఉన్నాను. రజిత తన దగ్గరున్న ఫోను నుంచి 108కు చేసింది. అవతలివాళ్లు ఏ పొలం, ఎటు రావాలి అని అడుగుతుంటే ఆమెకు నోట మాట రావడం లేదు. వాళ్లు పంపిన మెసేజిని నొక్కితే మేమున్న చోటు వాళ్లకు చేరింది. ఆ తర్వాత నా చెవిలో నా ఊపిరి తప్ప ఏదీ వినిపించలేదు. “తండ్రీ, ఇతన్ని ఇయ్యి, ఇతన్ని ఇయ్యి” అనుకుంటూ నొక్కుతున్నాను.

దగ్గాడు. నోట్లోంచి నీళ్లు వచ్చాయి. మళ్లీ దగ్గి, పక్కకు తిరిగి వాంతి చేసుకున్నాడు. దేవునికి స్తోత్రం. రజిత అతని తలను ఒళ్లో పెట్టుకొని ఏడవడం కూడా మరిచిపోయి మొహం తుడుస్తూ ఉండిపోయింది.

అంబులెన్సు వచ్చేలోపు నేను స్టార్టరు దగ్గరికి తిరిగి వెళ్లాను. ఫ్యూజులు నా జేబులో ఉన్నాయి, ఇక ఏమీ కాదని తెలుసు. అయినా ఆ పెట్టెను అలా వదిలిపెట్టడానికి భయం వేసింది. వెనక మూత తీసి సిమ్మును బయటికి లాగాను. ఎవరు చేస్తున్నారో తెలియకపోతే ఈ ఇంట్లో ఆ దయ్యం కథ ఎప్పటికీ పోదనిపించింది. నా రెండో ఫోను బటన్లది, పాతది. అందులో ఆ సిమ్ము వేసి, మాట్లాడలేక పడుకొని ఉన్న సమ్మయ్య పక్కన కూర్చున్నాను.

కాసేపటికే ఆ ఫోను మోగింది.

ముగ్గురం దాని వైపే చూశాం. చనిపోయిన మనిషి నంబరు మోగుతుంటే చూస్తూ కూర్చోవడం ఎలా ఉంటుందో నేను చెప్పలేను. రజిత భర్త తలను గట్టిగా పట్టుకొని “ఎత్తకన్నా, నీకు దండం పెడత, ఎత్తకు” అంది. మనసులో ప్రభువు నామం తలచుకొని పచ్చ బటన్ నొక్కి, స్పీకరు పెట్టాను.

అటు నుంచి గాలి చప్పుడు. దూరంగా ఎక్కడో మేకల అరుపులు. తర్వాత సన్నగా, నమ్మలేనట్టుగా, ఒక ఆడమనిషి గొంతు.

“అవ్వా?”

ఫోనును సమ్మయ్యకు దగ్గరగా జరిపాను. 

“అవ్వా, ఎత్తినవా? నువ్వేనా?”

సమ్మయ్య పెదవులు కదిలాయి. చాలా కష్టం మీద ఒక్క మాట వచ్చింది. “స్వరూప.”

స్వరూప అతని చెల్లెలు. పాలకుర్తి దగ్గరి ఊరికి ఇచ్చారు. తల్లి జబ్బు పడ్డప్పుడు దవాఖానకు ఆలస్యంగా తీసుకుపోయావని ఆమె అన్నతో అన్నది. అతను ఊరివాళ్ల ముందే ఆమెను పొమ్మన్నాడు. తల్లి కర్మకాండ నాటి నుంచి ఇద్దరికీ మాటలు లేవు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పటికి నాకు తెలిసింది ఒక్కటే, అవతల ఒక ఆడపిల్ల భయంతో గడ్డకట్టుకుపోతోంది.

“చెల్లె, బుగులు పడకు” అన్నాను. “మీ అవ్వ కాదు ఎత్తింది. నేను పరకాల మోటర్ మెకానిక్ ప్రభుదాసును. మీ అవ్వ సిమ్మును మీ అన్న స్టార్టర్ పెట్టెల ఏసిండు. అందుకనే ఇన్నొద్దులు రింగు పోయింది.”

ఫోను కట్ అయిందనుకున్నాను.

“స్టార్టర్ పెట్టెలనా?” అంది చివరికి. “మరి కట్ చేసేది ఎవలు అన్నా? రెండుపార్లు మోగంగనే అటుకెళ్లి కట్ చేస్తాండ్లు. నేను చేస్తే అవ్వ గట్లనే కట్ చేసేది. నీ పైసలు పోతయి బిడ్డా అని కట్ చేసి మల్ల ఆమెనే చేసేది. గందుకే నేను... కట్ అయినప్పుడల్లా మల్ల చేస్తదేమోనని సూసేదాన్ని.”

“పెట్టెనే కట్ చేస్తది తల్లీ. కట్ చేసి మోటర్ నడిపిస్తది. దాని పనే అది.”

“ఇయ్యాల పెత్రమాస గదా అన్నా. ఆడివిల్లను, నాకు బియ్యం ఇచ్చేది లేదు. ఫోనన్న చేద్దామని చేసిన.” అని, అంతలోనే ఆమె గొంతు మారిపోయింది. అర్థం చేసుకోవడం మొదలుపెట్టింది. “నేను చేసినప్పుడల్లా మోటర్ నడిచిందా? ఇందాక చేసిన గద, అప్పుడు గూడ నడిచిందా? నువ్వెందుకున్నవు ఆడ? మా అన్న ఏడి?”

కరెంటుతో చేసే పనిలో నేను పడ్డ భయాలన్నీ ఒక ఎత్తు, ఆ ప్రశ్న ఒక ఎత్తు. సమ్మయ్య నా వైపు చూసి, తల అడ్డంగా ఆడించాడు. చెప్పవద్దని. అబద్ధం ఆడకూడదని చిన్నప్పటి నుంచి ఆదివారపు బడిలో నేర్చుకున్నవాణ్ణి, అదే బడిలో పిల్లలకు నేర్పుతున్నవాణ్ణి. కానీ నా నోటి వెంట వచ్చే నిజం, ఆ పిల్ల మిగిలిన బతుకంతా మోయవలసిన బండ. ఆమె చేసిన పాపమేమీ లేదు. తల్లి మీద బెంగపడి ఒక నంబరు నొక్కింది.

“మీ అన్న నా పక్కననే ఉన్నడు చెల్లె” అన్నాను. “బతికి ఉన్నడు. దేవునికి స్తోత్రం చెయ్యి.”

బతికి ఉన్నాడన్న మాట ఎవరి గురించి అంటారో పల్లె ఆడపిల్లకు చెప్పనక్కర్లేదు. ఆమె ఏమీ అడగలేదు. “నేను ఇగ ఆ నంబర్‌కు చెయ్య అన్నా. ఒట్టు, ఎన్నడూ చెయ్య” అంది.

సమ్మయ్య చెయ్యి చాచాడు. ఫోను అతని నోటి దగ్గర పెట్టాను.

“చెయ్యి” అన్నాడు. గొంతు గీసుకుపోయి ఉంది. “ఎందుకు చెయ్యవు? ఆ సిమ్ము నా కాడనే ఉంటది. ఇగ నేను ఎత్తుత.”

అతన్ని ఆ సాయంత్రం వరంగల్ దవాఖానకు తీసుకుపోయారు. గుండె సరిగ్గానే కొట్టుకుంటోందని చూసి, రెండు రోజులు ఉంచుకొని పంపారు. మొదటి రోజే స్వరూప బస్సెక్కి వచ్చింది. నేను వార్డు గుమ్మం దగ్గరే ఆగిపోయాను. ఆమె అన్న మంచం అంచున కూర్చొని, అతని అరచేతిని తిప్పి తిప్పి చూస్తోంది. పాత గొడవ ఎత్తినట్టు లేదు. వదినె ఆమెకు అన్నం కలిపి పెడుతోంది. నేను లోపలికి పోకుండానే తిరిగొచ్చాను.

తర్వాత ఆ మోటారును పైకి తీసి మెగ్గర్‌తో చూశాను. తీగ మీది పూత బాగుందో లేదో చెప్పే మీటరు అది. పూత ఒక చోట పూర్తిగా పోయి ఉంది. నడిచిన ప్రతిసారీ ఆ బావి నీళ్లలో కరెంటు పారుతూనే ఉందన్నమాట. ఎర్తు తీగ ఎప్పుడో తెగిపోయింది. కొత్త తీగ చుట్టి, ఎర్తు వేసి, యజమాని నంబర్లకే పలికే పెట్టె బిగించాను.

ఈ పని నాకు నేర్పింది చెప్పి ముగిస్తాను. రైతు సోదరులారా, బావిలో దిగేముందు ఫ్యూజులు మీ చేతితో పీకి మీ జేబులో వేసుకోండి. ఫోను మా దగ్గరే ఉంది కదా అనుకోకండి. ఫోను మీట కాదు, మీటకు ఉన్న వెయ్యి దారుల్లో ఒకటి మాత్రమే. ఎన్నడైనా ఎవరైనా వాడిన నంబరును పెట్టెలో వేయకండి. పోయినవాళ్ల నంబరు అసలే వద్దు. ఆ తర్వాత నేను చూసిన పెట్టెల్లో తాతల సిమ్ములు, దుబాయి పోయిన కొడుకుల సిమ్ములు ఎన్నో దొరికాయి. తీసేయమంటే కొందరు నవ్వారు, కొందరు తీశారు.

పొలాల పక్క నుంచి పోతుంటే మనిషి లేని చోట మోటారు నడవడం మొదలవుతుంది. ఒకప్పుడు ఆ చప్పుడు వింటే సంతోషం కలిగేది. ఇప్పుడు బండి ఆపి, బావిలోకి తొంగి చూసి గానీ ముందుకు పోలేను. మునుపు ఒక మనిషి ఇంకో మనిషికి కీడు చేయాలంటే పగ ఉండాలి, దగ్గరికి రావాలి. ఇప్పుడు ఎక్కడో గట్టు మీద కూర్చొని, ప్రేమతో, కళ్లనీళ్లతో నొక్కిన నంబరు కూడా చంపగలదు, చంపినట్టు నొక్కినవాళ్లకు తెలియను కూడా తెలియదు. నన్ను పట్టుకొని వదలని భయం అదే. మనం రోజంతా నొక్కుతున్నవి ఎక్కడెక్కడ ఏమేం కదిలిస్తున్నాయో చూసే కన్ను మనకు లేదు. ఆయనకు ఉంది.

అందుకే చదివినవారిని ఒకటి అడుగుతున్నాను. మీరు దేవుణ్ణి ఏ పేరున పిలిచినా సరే, ఇక్కడ కళ్లు మూసుకొని నాతో కలిసి అడగండి. తండ్రీ, ఈ గడియలో నీళ్లలో నిలబడి ఉన్న ప్రతి మనిషి మీదా నీ చెయ్యి ఉంచు. ఎవరి మీదో బెంగతో ఫోను చేతిలోకి తీసుకున్న ప్రతి వేలినీ కాపాడు, అది తెలియక ఎవరి ప్రాణం మీదికీ పోకుండా. పోయినవాళ్లను పిలిచేవాళ్లకు, బతికున్నవాళ్లలో ఒక్కరైనా పలికేటట్టు చెయ్యి.